ఆగిన బస్సులో మామ్మ

మా అమలాపురంలో ఎవరైనా ఊరెళ్లి వస్తే ముందు అడిగే మాట "ఎవరున్నారక్కడ?" అని. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వెళ్లొచ్చానని చెబితే మా వీధిలో అందరూ అదే అడిగారు. ఎవరూ లేరంటే వింతగా చూశారు. యాభై ఆరేళ్ల మనిషిని, వీడియో గేముల ప్రదర్శన చూడ్డానికి అంత దూరం పోయానంటే నమ్మేదెవరు? పక్కింటి వరలక్ష్మి అయితే, మోకాళ్లకి నాటువైద్యం కోసం వెళ్లి దాస్తున్నానని తేల్చేసింది.

నేను పాతికేళ్లు మా బస్టాండులో మైకు ముందు కూర్చున్న మనిషిని. ఫలానా బస్సు ఫలానా చోట ఆగి ఉందని చెప్పడం నా ఉద్యోగం. రోజుకి వేలమంది నా మాట విని పరిగెత్తేవారు గానీ ఒక్కరూ నా వైపు చూసేవారు కాదు. తర్వాత నా పని కంప్యూటరుకి అప్పగించి నన్ను ఇంటికి పంపారు. ఇంట్లో ఇంకో మనిషి లేరు. కొన్ని రోజులు సాయంత్రమయ్యేసరికి, పొద్దుటి నుంచి నోరు విప్పలేదన్న సంగతి గుర్తొచ్చేది.

అలాంటప్పుడు సందీప్ అనే కుర్రాడు ఫోను చేశాడు. కొడిమ్యాల పిల్లాడు. హైదరాబాదులో ఇద్దరు స్నేహితులతో కలిసి గేములు తయారు చేస్తాడు. వాళ్ల కొత్త ఆటలో మనం బస్సు డ్రైవరు. కొండల్లో బయల్దేరి సముద్రం దాకా తోలాలి. వెనక సీటులో ఎనభై ఏళ్ల మామ్మ ఉంటుంది, సముద్రం చూడ్డానికి వెళ్తూ. ఆ మామ్మకి గోదావరి యాస కావాలి. మా బస్టాండులో ఎప్పుడో నా గొంతు విన్నాడట, ఎలాగో నంబరు పట్టుకున్నాడు.

రికార్డింగు మూడు రోజులు జరిగింది. కథలో మాటలన్నీ వాళ్లు రాసిచ్చినవే. ఆఖర్న సందీప్ ఒక మాటన్నాడు. "మేడం, ఆడేటోళ్లు బస్సు ఆపి ఉత్తగనే కూసుంటరు గదా. అప్పుడు మామ్మ ఏమన్న అనాలె. మీకు తోసింది మాట్లాడుండ్రి." అద్దాల గదిలో ఒక్కదాన్నే కూర్చుని మాట్లాడాను. "అన్నం తిన్నావా నాయనా?" అన్నాను. "కళ్లు లాగుతున్నాయేమో, కాసేపు మూసుకో, నాకేం తొందర లేదు" అన్నాను. "ఇంటి దగ్గర నీకోసం చూసేవాళ్లెవరున్నారు?" అన్నాను. ఆలోచించి అన్నవి కావు. ఎవరైనా నన్ను అడిగితే బాగుండునని నేననుకునే ప్రశ్నలవి.

తర్వాత ఆర్నెల్లకి మళ్లీ ఫోను. "మాటలతోని గేమ్ బరువైతున్నది మేడం, చిన్న ఫోన్లల్ల ఎక్కుతలేదు. మా దిక్కు మూడూర్లల్ల ఎక్స్‌పో పెడుతున్నం. జనం మామ్మ మాటలు వింటె ఉంచుతం. వినకుంటె గొంతు తీసేసి రాతలే పెడతం." చాలా మర్యాదగానే చెప్పాడు, పాపం. నా గొంతుని ఒకసారి తీసేసినప్పుడు కాగితం మీద సంతకం పెట్టి వచ్చేశాను. రెండోసారి తీసేస్తుంటే దగ్గరుండి చూడాలనిపించింది. సంచి సర్దుకున్నాను.

జగిత్యాల: పెళ్లిపందిట్లో తాటిచెట్టు

ఆషాఢం. పెళ్లిళ్లు లేవు కాబట్టి ఫంక్షన్ హాళ్లు చవకగా దొరుకుతాయని సందీప్ వాళ్లు ఆ నెల ఎంచుకున్నారు. వేదిక మీద వధూవరుల సింహాసనాలు ఓ మూలకి జరిపి ఉన్నాయి. వాటి ముందు కంప్యూటర్లు, తెరలు, రంగు దీపాలు. ఇంకా బజారులోకి రాని ఆటలు ఏడో ఎనిమిదో పెట్టారు. కాలేజీ పిల్లలు తోసుకుంటూ వచ్చారు. మా వైపు ఆషాఢంలో కొత్తపెళ్లికూతుళ్లు పుట్టిళ్లకి చేరతారు. ఇక్కడా అంతేనట. ఓ కుర్రాడు "మా ఇంటామె తల్లిగారింటికి పోయింది, నాకు నెల సెలవు" అని పొద్దుటి నుంచి ఒకే కుర్చీకి అతుక్కుపోయాడు.

వచ్చాను కదా అని నేనూ ఆడాను. కళ్లకి డబ్బా లాంటి అద్దాలు కట్టి తాటిచెట్టు ఎక్కించే ఆట ఒకటుంది. సగం ఎక్కి కిందకి చూశాను. "ఓరి నాయనో" అని పక్కనున్నవాణ్ని వాటేసుకున్నాను. తీరా చూస్తే వాడు మనిషి కాదు, హాలు స్తంభం. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అది సందీప్ స్నేహితుడు చేసిన ఆటట. "మా నాయిన కొడిమ్యాలల నిజం చెట్టెక్కి కల్లు దించుతడు. గీ ఉత్తుత్తి చెట్టు చూసి, 'గిండ్ల కల్లు లేనప్పుడు ఎందుకెక్కాల్రా' అన్నడు" అని సందీప్ చెప్పాడు.

తర్వాత మా బస్సు దగ్గరికి వెళ్లాను. ఆరు కుర్చీలు, ఆరు తెరలు, ఆరు హెడ్‌ఫోన్లు. గొంతు నాదని ఎవరికీ చెప్పొద్దని సందీప్ ముందే మాట తీసుకున్నాడు. తెలిస్తే మొహమాటానికి వింటారట. ఏ తెరకైనా తగిలించుకునేలా నాకూ ఓ హెడ్‌ఫోను ఇచ్చాడు. ఆడేవాళ్ల వెనక నిలబడి నా మాటలు నేనే విన్నాను. మామ్మ "అన్నం తి" అనేలోపు బొటనవేలు టక్కుమనేది, మాట తెగేది, బస్సు కదిలేది. ఎంతమంది కూర్చున్నా అంతే. సముద్రం గురించి నేను గొంతు వణికించి చెప్పిన కథంతా "మా ఊళ్లో" దగ్గరే ఆగిపోయింది. "ముసలామె సతాయిస్తది, స్కిప్ కొట్టురా" అని ఒక పిల్లాడు పక్కవాడికి నేర్పాడు. ఆ ముసలామె వాడి భుజం వెనకే ఉంది.

బయట సన్నటి వాన. గొల్లపల్లి నుంచి తెచ్చానంటూ ఒకామె మక్కకంకులు కాలుస్తోంది. మేం మొక్కజొన్నపొత్తు అంటాం. ఇరవై రూపాయలు. నిమ్మకాయ చెక్కతో ఉప్పూ కారం రుద్దిచ్చింది. "ఎవలింటికి అచ్చినవమ్మా?" అని అడిగింది.

"ఎవరింటికీ కాదండి. గేములు చూడ్డానికి."

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసి, "మంచిగనే ఉన్నది నీ పని" అంది. తప్పుగా ఏమీ అనలేదు. లాడ్జి గదిలోకి వచ్చాక మాత్రం ఏడుపొచ్చింది.

కోరుట్ల: దాల్చా చేసిన పని

కోరుట్ల హాల్లో మేం కింద, పైఅంతస్తులో వలీమా విందు. ముస్లింల పెళ్లిళ్లకి ఆషాఢం అడ్డం కాదు కదా. మెట్ల మీద అత్తరు వాసన, బగారన్నం వాసన కలిసి దిగొస్తున్నాయి. పైనుంచి పిల్లలు, పెద్దలు కొత్తబట్టల్లోనే కిందకొచ్చి ఆడి వెళ్లేవారు.

వాళ్లలో షబానా అనే అమ్మాయి వచ్చింది. బుర్ఖా చేతులు మోచేతుల దాకా మడిచి బస్సు ముందు కూర్చుంది. ఇరవై నాలుగేళ్లుంటాయి, కుట్టుమిషను మీద జాకెట్లు కుడుతుందట. మలుపుల్లో ఆ అమ్మాయి బస్సు తోలుతుంటే వెనకనున్న నేను కుర్చీ గట్టిగా పట్టుకున్నాను. ఆ రోజు అందరికంటే ముందు సముద్రం చేరింది. చుట్టూ ఉన్నవాళ్లు ఈలలు వేశారు.

"బాగా తోలావమ్మా. ఆ మామ్మ ఏం మాట్లాడిందో విన్నావా?" అన్నాను.

"వినలే ఆంటీ. వింటె టైం పోతది గదా, ఫస్ట్ రావాలంటె ఎట్ల?" అంది నవ్వుతూ. వెంటనే, "మీరు ఈ ఊరోళ్లు కాదు గదా? అన్నం తిన్నరా?" అని అడిగింది.

లేదన్నాను. అంతే, చెయ్యి పట్టుకుంది. పైకి తీసుకెళ్లి వాళ్లమ్మకి ఉర్దూలో ఏదో చెప్పింది. ఆవిడ "బైఠో, బైఠో" అని నాకు చోటిచ్చి, మళ్లీ తెలుగులో, "సిగ్గుపడకు, మంచిగ తిను" అంది. పిలవని పేరంటానికి వచ్చినందుకు సిగ్గుపడుతూనే తిన్నాను. బగారన్నం మీద సొరకాయ ముక్కల దాల్చా. మా వైపు పెళ్లిలో పప్పుచారుకి ఇంత పులుపూ ఇంత ఘాటూ ఉండవు. మామ్మ ప్రశ్నని వినకుండా దాటేసిన పిల్లే అదే ప్రశ్న నన్ను అడిగిందని రెండో ముద్దకి తట్టింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అక్కడితో లేచి చెయ్యి కడుక్కోవాల్సింది. కింద ఎవరైనా వింటున్నారేమోనన్న ఆత్రం ఒకటి నాకు. గిన్నెలో దాల్చా పట్టుకుని దిగాను. వైరు కాలికి తగిలింది. గిన్నె ఎగిరి సరిగ్గా ఆరో కుర్చీ హెడ్‌ఫోన్ల మీద పడింది. తూలినా నేను పడలేదు, అదొక్కటే మేలు. సందీప్ గుడ్డ పెట్టి తుడిచాడు, ఊదాడు, ఎండబెట్టాడు. లాభం లేదు. "పోనీ తీయుండ్రి మేడం. రేపు ఆరో సీటుకు చిన్న స్పీకర్ పెడత" అన్నాడు.

"ఇవాళ ఎవరైనా విన్నారా బాబూ?"

ఎవరెంత విన్నారో లెక్కకట్టే లాప్‌టాపు వైపు చూశాడు గానీ సందీప్ నా వైపు చూడలేదు. "రేపు ఒక్కరోజున్నది గద మేడం" అన్నాడు. ఆ మాటతో నాకు అర్థమైపోయింది.

సిరిసిల్ల: ఖాళీ కుర్చీ

సిరిసిల్లలో దిగగానే చెవులకి ముందు తగిలేది మగ్గాల చప్పుడు. కరెంటుతో నడిచే మగ్గాలని అక్కడ సాంచెలు అంటారు. ఏ సందులోకి తిరిగినా టకటక టకటక. మా వైపు కొబ్బరాకుల గాలి చప్పుడుకి అలవాటుపడ్డ ప్రాణానికి మొదటి గంట తలనొప్పి వచ్చింది. హాలు పక్క హోటల్లో ఉప్మాతో పాటు మిరపకాయ బజ్జీ ఇచ్చారు. రెండూ కలిపి తింటారని తెలియక విడివిడిగా తిన్నాను. యజమాని జాలిగా చూశాడు.

హాల్లో ఏసీ ఉంది. బస్సు ఆట దగ్గర ఐదు కుర్చీలు నిండాయి. ఆరోదాని దగ్గర ఎవరూ ఆగలేదు. హెడ్‌ఫోన్లు లేని ఆట ఆటే కాదట. పైగా దాల్చా వాసన ఇంకా వస్తోంది. మధ్యాహ్నందాకా అది ఖాళీగానే ఉంది. దాని చిన్న స్పీకరు సడి హాలు గోలలో వినిపించక నేనూ అటు పోలేదు. మిగతా ఐదింటి వెనక తిరుగుతూ, తెగిపోయే నా మాటలు వింటూ, ఈసారి ఏమీ అనిపించకుండా ఉండటం నేర్చుకుంటున్నాను.

అన్నాలవేళ దాటాక స్తంభం వెనకనుంచి ఒక గొంతు వినిపించింది. "తిన్న. పొద్దుగాల్ల మక్కగట్క తిన్న. నువ్వు తిన్నవా?"

తొంగిచూశాను. ఆరో కుర్చీలో ఒక పెద్దావిడ. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారపుండ. బీడీలు చుడుతోంది. కత్తెరతో ఆకు కోయడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం, మూతి మడవడం. చేతులు ఒక్క క్షణం ఆగడం లేదు. తెరమీద బస్సు మాత్రం బయల్దేరిన చోటే ఆగి ఉంది. మీట నొక్కడానికి ఆవిడకి చెయ్యి ఖాళీ ఉంటేగా.

"కళ్లు లాగుతున్నాయేమో, కాసేపు మూసుకో, నాకేం తొందర లేదు" అంది స్పీకరులోంచి మామ్మ.

"మూసుకుంటె బీడీలెవలు చేస్తరే?" అంది ఆవిడ.

"ఇంటి దగ్గర నీకోసం చూసేవాళ్లెవరున్నారు?"

"మా ముసలోడున్నడు. ఆయన చూసేదేంది, నేనే ఆయనను చూడాలె."

నేను స్తంభాన్ని పట్టుకున్నాను. జగిత్యాలలో భయంతో పట్టుకున్నాను గానీ ఇప్పుడు ఒక్క మాటా పోకుండా వినాలని పట్టుకున్నాను. ఆ అద్దాల గదిలో నేను ఎవరూ లేని చోటికి వేసిన ప్రశ్నలకి ఒక మనిషి కూర్చుని జవాబులిస్తోంది. నేనన్న మాటలన్నీ ఒక్కటొక్కటిగా వచ్చాయి. అన్నీ అయిపోయాక ఆట మళ్లీ మొదటికి వెళ్లింది. "అన్నం తిన్నావా నాయనా?" అంది మామ్మ.

ఆవిడ చేతులు మొదటిసారి ఆగాయి. "ఇందాకనే అడిగినవ్ గదనే. మర్సిపోయినవా?" అని తెరవైపు చూసింది. "వయసు గసొంటిది. తిన్ననే, గట్క తిన్న" అని మళ్లీ చెప్పింది.

పక్కన ఇంకో కుర్చీ లాక్కుని కూర్చున్నాను. పేరడిగితే లచ్చవ్వ అంది. ఈ హాలు ఊడ్చే అమ్మాయి ఆవిడకి మేనకోడలట. "మా ఇంట్ల కరెంటు పోయింది. గీడ సల్లగున్నదని అచ్చిన. గాడ పంక కింద కూసుంటె తంబాకు లేస్తది. గీ మూల గాలి లేదు" అంది.

"అది మిషను కదండి, జవాబు చెబుతున్నారేంటి?" అన్నాను. నా ప్రాణమంతా ఆ ప్రశ్నలో ఉంది గానీ ఊరికే అడిగినట్టు అడిగాను.

"నాకెర్క లేదా మిషనని? అయితేంది, అడిగినంక సెప్పకుంటె ఎట్ల?" అంది. మళ్లీ ఆకు అందుకుంది. "మా ముసలోడు నలభై ఏండ్లు సాంచెల నడుమ పనిచేసిండు. చెవులు పోయినయ్. నేనేమన్న అంటె నవ్వుతడు, ఊకుంటడు. తిన్నవా అని నన్ను అడిగి ఎన్ని దినాలాయెనో. గీమె నయం, రెండుసార్లు అడిగింది." అని, ఒక్కసారి తలెత్తి నా మొహంలోకి చూసింది. "నీ గొంతు గూడ గీమె లెక్కనే ఉన్నది."

సందీప్‌కిచ్చిన మాట గుర్తుంది. కానీ ఇక ఆగలేకపోయాను. "అది నేనేనండి" అన్నాను.

లచ్చవ్వ తెరమీద తెల్లజుట్టు మామ్మని చూసింది, రంగేసిన నా జుట్టుని చూసింది. "గామె పెద్దమనిషి. నువ్వెట్లయితవ్? గామె బిడ్డవా?"

ఒప్పించే ఓపిక లేదు. "ఆయ్, అవునండి" అన్నాను.

ఆవిడ మొహం మారిపోయింది. "మరి ముసల్దాన్ని ఒక్కదాన్నే బస్సుల కూసోవెట్టి నువ్వేడ తిరుగుతున్నవే? పొద్దటిసంది ఎదురుచూస్తున్నది, పలికేటోడు లేడు!" అని కేకలేసింది. అటూ ఇటూ ఆడుతున్నవాళ్లు తిరిగి చూశారు. నేను తప్పు చేసినదానిలా తల దించుకున్నాను. ఇన్నేళ్లలో నాకోసం ఒకరు అంత కోప్పడటం అదే మొదటిసారి.

సాయంత్రం కరెంటు వచ్చిందని మేనకోడలు కబురు చెప్పింది. లచ్చవ్వ కట్టలు సర్దుకుని, చాట నడుముకి ఆనించుకుని లేచింది. తెర ముందు ఒక్క క్షణం నిలబడి, "పోయస్తనే, పైలం" అని జాగ్రత్త చెప్పింది. నాతో మాత్రం, "అమ్మను మంచిగ ఇంటికి తోల్కపో" అని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

హాలు ఖాళీ అయ్యాక సందీప్ లాప్‌టాపు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. చెప్పలేక చెప్పాడు. "మూడూర్లల్ల ఎవ్వలు వినలే మేడం. ఆరో సీటుకైతే మనిషే రాలే. పొద్దంత బస్సు కదలనేలేదు. అది లెక్కలకెల్లి తీసేస్తున్న."

"ఆ కుర్చీలో మనిషి ఉంది బాబూ."

"ఎవ్వలు ముట్టలే మేడం. ఇగో, చూడుండ్రి."

"ముట్టలేదు. చేతులు ఖాళీ లేవు" అని కుర్చీ కింద చూపించాను. సందీప్ వంగాడు. నేల మీద తునికాకు తరుగు, దారపు పోగులు, కాస్త తంబాకు పొడి. ఒక ఆకు ముక్క తీసి వేళ్ల మధ్య తిప్పుతూ ఆ కుర్చీలోనే కూర్చున్నాడు.

"మా అమ్మ గూడ బీడీలు చేస్తది మేడం" అన్నాడు. "నేను చిన్నగున్నప్పుడు బడి పాఠం పక్కన కూసొని సదువుతుంటె, చేసుకుంట వినేది. గీ సంగతి నాకు యాదికే రాలే." తర్వాత, "ఆమె ఏమేం జవాబు చెప్పింది?" అని అడిగాడు. గట్క దగ్గర్నుంచి పైలం దాకా అన్నీ చెప్పాను. నాకు పడిన తిట్లు కూడా దాచలేదు.

నా గొంతు పూర్తిగా మిగల్లేదు. సముద్రం కథ, కొండల కథ అన్నీ తీసేశారు, వాటికి తెరమీద రాతలే వస్తాయి. బస్సు ఆగి ఉన్నప్పటి మాటలు మాత్రం ఒక్కటీ పోకుండా ఉంచుతానన్నాడు సందీప్. కదలని బస్సులో కూర్చునేవాళ్లకే వినిపిస్తాను. అలాంటివాళ్లు ఎంతమంది ఉంటారో నాకు తెలియదు. బస్సెక్కేముందు ఆ ఆటని నా ఫోనులోకి ఎక్కించి ఇచ్చాడు.

అమలాపురం: నా వంటిల్లు

తిరుగు ప్రయాణంలో చెప్పుకోవాల్సినవేమీ లేవు. పక్కసీటాయన దారిపొడుగునా నిద్రపోయాడు. ఇంటి తాళం తీస్తే నాలుగు రోజుల మూసిన వాసన కొట్టింది. వరలక్ష్మి గోడమీంచి "మోకాళ్లెలా ఉన్నాయి?" అంది. బాగానే ఉన్నాయన్నాను.

మర్నాడు వంటింట్లో పీటేసుకుని చాటలో గోంగూర పోసుకుని వలవడం మొదలుపెట్టాను. ఫోనుని పంచదార డబ్బాకి ఆనించి ఆ ఆట తెరిచాను. కొండ కింద ఎర్రబస్సు, వెనక సీటులో మామ్మ. నా చేతులు గోంగూరలో ఉన్నాయి. బస్సు కదల్లేదు.

"అన్నం తిన్నావా నాయనా?" అని అడిగింది మామ్మ.

నా గొంతే అని తెలుసు. నాకెరుక లేదా? అడిగాక చెప్పకపోతే ఎలా?

"లేదమ్మా, ఇంకా తినలేదు" అన్నాను. "ఇప్పుడే పొయ్యి వెలిగిస్తున్నాను."